తీగ మ్రోతకు ట్రాన్సిస్టరు తోడు

వనపర్తి జిల్లాలోని శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి ఆలయమున్నది. వనపర్తి సంస్థానాధీశుల కాలంలో, 18వ శతాబ్దంలో వెలసిన గుడి ఇది. దానిని ఆనుకొని రంగసముద్రమనే చెరువున్నది. ఇట్టి చోట నాదస్వరము ఊదితే ఆ ధ్వని నీటిమీదుగా చాల దూరము పోతుంది. అదే వాకిట కూర్చుండి వీణ వాయిస్తే ముందు వరుసలలోని వారికి తప్ప వినబడదు. రెండు వాద్యాల మీద పలికినది ఒకే రాగము, ఒకే స్వరము కావచ్చును. వాయించేవారి విద్వత్తులోను కొరత ఉండనక్కరలేదు. మరి ఈ తేడా ఎక్కడిది?

నాదస్వర విద్వాంసుడు తన ఊపిరి బలాన్ని ఎడతెగకుండ వాద్యంలోనికి పంపుతూ ఉంటాడు. వీణ, మాండలిన్, గిటారు వాయించేవాడు తీగను ఒకసారి మీటి వదలుతాడు. ఆ మీటుతో ఇచ్చిన కొద్దిపాటి శక్తి వ్యయమైపోగానే నాదము అణగిపోతుంది. మీటు వాద్యాలకు పుట్టుకతో వచ్చిన ఈ పేదరికాన్ని తీర్చిన సాధనము ఆంప్లిఫయరు. మొదట అది బరువైన పెట్టె. దాని లోపల ప్రాణము తీయగల వోల్టేజి ఉండేది. నేడు హైస్కూలు విద్యార్థి 9 వోల్టుల బ్యాటరీతో దానిని తన బల్లమీదనే నిర్మించుకోగలడు. ఈ మార్పు ఎట్లు వచ్చినదో, దాని మూలంగా మన సంగీతానికి ఏమి చేకూరినదో తెలిసికొందాము.

చెరువు, తూము

సన్నని తీగ కంపించినప్పుడు అది గాలిని కోసికొని పోతుందే గాని గట్టిగా నెట్టలేదు. అందుచేత తీగను ఒక విశాలమైన పలకకు, బోలు పెట్టెకు చేర్చి బిగిస్తారు. బొబ్బిలి వీణకు పనస కర్రతో తొలిచిన కుండ ఉంటుంది; మాండలిన్‌కు బోలు పొట్ట ఉంటుంది. తీగ కంపనాలు ఆ పలకకు ప్రాకి, పలక గాలిని కదిలిస్తుంది. అప్పుడు నాదము మనకు చక్కగా వినబడుతుంది.

పెట్టె ధ్వనిని "పెంచుతుంది" అని మనము వాడుకగా అంటాము. నిజానికి అది కొత్తగా శక్తిని పుట్టించలేదు. తీగలో నిలువ ఉన్న శక్తినే త్వరత్వరగా గాలిలోనికి వదలుతుంది. చెరువుకు తూము పెద్దది చేస్తే కాలువలో నీరు జోరుగా పారుతుంది. చెరువు కూడ అంత తొందరగా ఖాళీ అవుతుంది. తీగ వాద్యము సంగతి కూడ ఇంతే. నాదము బిగ్గరగా ఉండాలంటే త్వరగా ఆగిపోతుంది; దీర్ఘంగా నిలవాలంటే మెల్లగా ఉంటుంది. రెండూ ఒక్కసారి కావాలంటే కుదరదు.

ఈ ఇబ్బంది మాండలిన్‌కు మరీ ఎక్కువ. ఇటలీలో రూపుదిద్దుకొన్న ఈ వాద్యము చిన్నది; తీగలు పొట్టివి. ధ్వని చాలక ఒక్కొక్క స్వరానికి రెండేసి తీగల చొప్పున నాలుగు జతలు అమర్చినారు. అప్పటికీ నాదము నిలవదు కనుక పాశ్చాత్య విద్వాంసులు ఒకే స్వరాన్ని గబగబ పలుమార్లు మీటి, అది నిలిచి ఉన్నదన్న భ్రమ కల్పిస్తారు. వారి సంగీతానికి అది చాలును. కర్ణాటక సంగీతానికి చాలదు. మన రాగాలకు గమకము ప్రాణము. నాదము మ్రోగుతూ ఉండగానే తీగను మెట్టుమీద ప్రక్కకు లాగి స్వరాన్ని ఊపాలి. నాదమే ఆగిపోతే ఊపడానికి ఏమి మిగులుతుంది? పైగా జంట తీగలను కలిపి లాగినప్పుడు రెండింటి బిగువు సరిసమానంగా పెరగదు. శ్రుతి చెడి విస్పందనాలు వినబడతాయి. సినిమా వాద్యబృందాలలో చోటు దొరికినా, కచేరి వేదికమీద మాండలిన్ చాలకాలము పరాయిదిగానే ఉండుటకు ఇదొక ముఖ్య కారణము.

పెట్టె లేని గిటారు

1831లో మైకేల్ ఫారడే ఒక సత్యాన్ని కనుగొన్నాడు. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత బలరేఖలు మారినప్పుడెల్ల ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఉక్కు తీగ అయస్కాంతము ఎదుట కంపిస్తే బలరేఖలు అదే లయలో కదులుతాయి. అయస్కాంతము చుట్టూ సన్నని రాగితీగను కొన్ని వేల చుట్లు చుట్టి ఉంచినచో, ఉక్కు తీగ ఎట్లు కదిలితే చుట్టలోని వోల్టేజి అట్లు కదులుతుంది. దీనినే పికప్ అంటారు.

ఈ సూత్రాన్ని గిటారుకు జయప్రదంగా అమర్చినవారు అమెరికాలోని జార్జ్ బోషాంప్, ఎడాల్ఫ్ రికెన్‌బేకర్ అనువారు. 1931లో వారు తయారుచేసిన హవాయి గిటారుకు బోలు పెట్టె లేనే లేదు. గుండ్రని చిన్న ఒడలు, పొడవైన మెడ గల ఆ వాద్యాన్ని చూచి జనము దానికి "పెనము" అని ముద్దుపేరు పెట్టినారు. దానికి పేటెంటు 1937లో లభించినది.

ఈ పెనంలో ఒక గొప్ప విషయము దాగి ఉన్నది. తీగను గట్టి ఒడలికి బిగించుట వలన దాని శక్తి గాలిలోనికి త్వరగా జారిపోదు. చెరువు తూము దాదాపు మూసినట్లే. తీగ చాలసేపు కంపిస్తూ ఉంటుంది. దాని కదలికను పికప్ చూచి చెబుతుంది. గాలిని కదిలించే బరువు పని మాత్రము వేరొకరికి అప్పగించాలి. ఆ వేరొకరే ఆంప్లిఫయరు.

ఆ పని ఎంత పెద్దదో లెక్క వేద్దాము. పికప్ నుండి వచ్చే వోల్టేజి 100 మిల్లీవోల్టులు అనుకొందాము. దానిని 10 లక్షల ఓముల నిరోధము గల మార్గంలో ప్రవేశపెడితే లభించే శక్తి వాటులో 10 కోట్ల వంతు మాత్రమే. ఒక గదిలో హాయిగా వినడానికి లౌడ్ స్పీకరుకు అర వాటు కావలెననుకొంటే, ఆంప్లిఫయరు శక్తిని 5 కోట్ల రెట్లు చేయాలి.

వాల్వుల కాలము

1906లో లీ డి ఫారెస్ట్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు గాలి తీసిన గాజు బుడ్డిలో మూడు ఎలక్ట్రోడులను అమర్చి ఒక సాధనము నిర్మించినాడు. వేడెక్కిన తంతువు నుండి ఎలక్ట్రానులు వెలువడి ప్లేటు వైపు పరుగెత్తుతాయి. నడుమ ఉన్న జాలకము మీద స్వల్ప వోల్టేజి మారితే ఈ ప్రవాహము ఎక్కువ తక్కువలవుతుంది. తూము తలుపును కదిలించేవాడు ఒక్కడే. పారే నీరు వంద ఎకరాలను తడుపుతుంది. ఆ నీటి బలము చెరువుది గాని అతనిది కాదు. వాల్వులో కూడ స్పీకరుకు అందే శక్తి విద్యుత్ సరఫరా ఇచ్చినదే. పికప్ ఇచ్చే స్వల్ప వోల్టేజి తలుపును కదిలిస్తుంది.

వాల్వు ఆంప్లిఫయర్ల నాదము ఇంపైనది. నేటికీ వాటిని కోరుకొనే గిటారు వాద్యకారులున్నారు. అయితే వాటి ఖర్చు సామాన్యమైనది కాదు. తంతువును వేడిచేయుటకే కొంత విద్యుత్తు ఎల్లవేళల పోతుంది. ప్లేటుకు 250, 300 వోల్టులు కావాలి. ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్లు బరువు. అన్నిటికంటె ముఖ్యము, స్విచ్చి ఆపి ప్లగ్గు తీసిన తరువాత కూడ లోపలి కండెన్సర్లలో ప్రమాదకరమైన ఆవేశము నిలిచి ఉండవచ్చును. అనుభవము లేని బాలుని చేతికి ఇట్టి పెట్టెను ఇచ్చి "విప్పి చూడు" అని ఏ ఉపాధ్యాయుడూ చెప్పలేడు. విద్యుత్తు రాని గ్రామాలకు అది అసలే అందనిది.

1947 డిసెంబరు

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటేన్ అను శాస్త్రజ్ఞులు జర్మేనియం అను అర్ధవాహకము మీద పరిశోధనలు చేస్తున్నారు. 1947 డిసెంబరు 16న వారు జర్మేనియం ముక్కమీద రెండు బంగారు మొనలను అతి దగ్గరగా ఆనించి, ఒక మొన వద్ద కలిగిన చిన్న మార్పు రెండవ మొన వద్ద పెద్ద మార్పుగా కనిపించుట గమనించినారు. డిసెంబరు 23న ప్రయోగశాల పెద్దల ఎదుట దానిని ప్రదర్శించినారు. ఆనాడు దానికి అప్పగించిన పని మానవ కంఠాన్ని వర్ధనము చేయుట! ఆ సాధనాన్ని మార్గంలో చేర్చుతూ, తొలగిస్తూ మాటను విన్నారు. చేర్చినప్పుడు మాట స్పష్టంగా బిగ్గరైనది. ట్రాన్సిస్టరు మొదట ధ్వని వర్ధకంగానే తన శక్తిని చూపినదన్నమాట.

వారి సహచరుడు విలియం షాక్లీ మరింత నమ్మకమైన సంధి ట్రాన్సిస్టరును రూపొందించినాడు. ఈ ముగ్గురికి 1956లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. ట్రాన్సిస్టరు అంగడికి వచ్చినప్పుడు మొట్టమొదట చేరినది కూడ ధ్వని పరికరాలలోనే: 1952 చివర నుండి చెవిటివారి శ్రవణ యంత్రాలలో, 1954లో నాలుగు ట్రాన్సిస్టర్ల జేబు రేడియోలో. వేడిచేయు తంతువు అక్కరలేదు. వందల వోల్టులు అక్కరలేదు. కొద్దిపాటి బ్యాటరీ చాలును.

మన దేశంలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వులను, 1962లో జర్మేనియం సాధనాలను, 1967లో సిలికాన్ సాధనాలను ఉత్పత్తి చేయసాగినది. వాల్వును నేర్చుకొంటూ ఉండగానే ట్రాన్సిస్టరు వచ్చిపడిన కాలమది. హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపన జరిగినది కూడ 1967లోనే. అప్పటికే శ్రీరంగాపూర్‌కు సమీపంలో వనపర్తి రాజుల ప్రాసాదంలో పాలిటెక్నిక్ వెలసినది. ఒకనాడు సంస్థానాధీశులు మసలిన చోట సామాన్యుల పిల్లలు యంత్రవిద్య నేర్వసాగినారు.

మొదటి తప్పటడుగులు

కొత్త సాధనము రాగానే పాత చిక్కులన్నీ తీరిపోయినవని అనుకొనరాదు. 1960 దశకంలో వచ్చిన తొలి ట్రాన్సిస్టరు గిటారు ఆంప్లిఫయర్లు పలుమార్లు వాద్యకారులను నిరాశపరచినవి. కారణాలు మూడు.

మొదటిది వేడి. జర్మేనియం ట్రాన్సిస్టరు వేడెక్కిన కొద్దీ దానిలో ప్రవాహము పెరుగుతుంది. ప్రవాహము పెరిగిన కొద్దీ అది ఇంకా వేడెక్కుతుంది. దీనిని అదుపు చేయకపోతే కొద్దిసేపటిలో మాడిపోతుంది. వేడికి ఓర్చుకొనే సిలికాన్ ట్రాన్సిస్టరును గోర్డన్ టీల్ 1954లోనే వెలువరించినా, అది చౌకగా దొరకడానికి ఏండ్లు పట్టినవి.

రెండవది ప్రవేశ నిరోధము. సాధారణ ట్రాన్సిస్టరు తన ద్వారము వద్ద కొంత ప్రవాహాన్ని కోరుతుంది. పికప్ చుట్ట అంత ప్రవాహాన్ని ఇవ్వలేదు. బలవంతంగా తీసికొంటే హెచ్చు స్థాయి స్వరాలు మందగించి, నాదము కంబళి కప్పినట్లు వినబడుతుంది. ద్వారము వద్ద దాదాపు ఏమీ కోరని క్షేత్రప్రభావ ట్రాన్సిస్టరు దీనికి మందు. ఇట్టి సాధనపు ఊహకు లిలియెన్‌ఫెల్డ్ 1925లోనే పేటెంటు కోరినాడు; సంధి పద్ధతిలో అది 1953లో సాధ్యమైనది.

మూడవది ధ్వని వికృతి. శక్తికి మించి వాయించినప్పుడు వాల్వు తరంగపు శిఖరాలను మెల్లగా గుండ్రము చేస్తుంది. ట్రాన్సిస్టరు కత్తితో కోసినట్లు నరుకుతుంది. చెవికి అది కటువుగా తోచును. ఈ లోపాన్నే గుణంగా చేసికొన్నవారు కూడ ఉన్నారు. 1962లో వచ్చిన ఫజ్ అను చిన్న పెట్టె, జర్మేనియం ట్రాన్సిస్టర్లతో తరంగాన్ని కావాలనే నరికి, గిటారుకు ఒక కొత్త కంఠమిచ్చినది.

పాలకొల్లు బాలుడు

ఇంతవరకు చెప్పిన శాస్త్రము ఒక చోట చేరి ఫలించిన కథ మన తెలుగునాటిదే. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించినాడు. తండ్రి సత్యనారాయణ ఇంట ఉంచిన మాండలిన్‌ను ఆరేళ్ల వయసులో చేతబట్టినాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు గాత్ర విద్వాంసులు. మాండలిన్ వాయించుట వారి విద్య కాదు. వారు పాడేవారు, బాలుడు ఆ పాటను తీగలమీద వెదకుకొనేవాడు. 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవంలో మొదటి కచేరి చేసినాడు.

గురువు కంఠంలో ఊగే గమకాన్ని అనుకరించాలంటే మామూలు మాండలిన్ అడ్డు వచ్చును. శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను స్వీకరించినాడు. జంట తీగలకు బదులు ఒంటి తీగలు వేసికొన్నాడు; నాలుగింటికి తోడు ఐదవ తీగను చేర్చినాడు. మనము ఇంతకుముందు చూచిన రెండు చిక్కులు దీనితో విడిపోయినవి. తీగ ఒక్కటే కనుక లాగినప్పుడు విస్పందనాలు లేవు. జంట తీగ తీసివేసినందువల్ల తగ్గే ధ్వనిని ఆంప్లిఫయరు పూడ్చుతుంది. గట్టి ఒడలిలో తీగ శక్తి నిలిచి ఉంటుంది గనుక స్వరము చాలసేపు మ్రోగుతుంది; ఆ వ్యవధిలో దానిని వ్రేలితో ఊపవచ్చును.

కర్ణాటక సంగీత వేదికమీద విద్యుత్ వాద్యమా అని మొదట సందేహించినవారు లేకపోలేదు. వినిన తరువాత ఆ సందేహము నిలవలేదు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆ బాలుడు పాశ్చాత్యులను ఆశ్చర్యపరచినాడు. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించినది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45 ఏండ్ల వయసులోనే, ఆయన కన్నుమూసినారు.

ఆంప్లిఫయరు అంటే గోల పెంచే యంత్రమని అనుకొనేవారు ఈ కథను గుర్తుంచుకోవాలి. ఇక్కడ అది చేసిన మేలు సూక్ష్మమైనది. గాలిని కదిలించే భారాన్ని తీగమీద నుండి తీసివేసినది. తీగకు తీరిక దొరికినది. ఆ తీరికలో గమకము పలికినది.

మన బల్లమీద

అనేక ట్రాన్సిస్టర్లను ఒకే అర్ధవాహకపు పలుకుమీద అమర్చే సమగ్ర వలయము 1958లో పుట్టినది. 1970 దశకంలో నేషనల్ సెమీకండక్టర్ సంస్థ ఎల్ఎం 386 అను ఎనిమిది కాళ్ల ధ్వని వర్ధకాన్ని వెలువరించినది. చిన్న ఆంప్లిఫయరు నిర్మించే విద్యార్థులకు అది నేటికీ నెచ్చెలి.

నిర్మాణ విధానము ఇది. పికప్ తీగను మొదట బీఎఫ్‌డబ్ల్యూ 10 వంటి క్షేత్రప్రభావ ట్రాన్సిస్టరు గేటుకు చేర్చాలి. గేటు నుండి బ్యాటరీ ఋణధ్రువానికి 10 లక్షల ఓముల నిరోధకము, సోర్సు నుండి ఋణధ్రువానికి 4,700 ఓముల నిరోధకము వేయాలి, డ్రెయిను ధనధ్రువానికి. సోర్సు వద్ద లభించే సంకేతాన్ని 1 మైక్రోఫారడ్ కండెన్సరు ద్వారా 10,000 ఓముల వాల్యూము కంట్రోలుకు, దాని నడిమి కాలు నుండి ఎల్ఎం 386 మూడవ కాలికి తీసికొనిపోవాలి. రెండు, నాలుగు కాళ్లు ఋణధ్రువానికి, ఆరవది ధనధ్రువానికి. ఐదవ కాలు నుండి 470 మైక్రోఫారడ్ కండెన్సరు మీదుగా 8 ఓముల స్పీకరు. అదే కాలి నుండి 10 ఓముల నిరోధకము, 0.047 మైక్రోఫారడ్ కండెన్సరు వరుసగా ఋణధ్రువానికి చేర్చినచో అనవసరమైన ఈలలు అణగును. ఒకటవ, ఎనిమిదవ కాళ్లను వదలివేస్తే వోల్టేజి 20 రెట్లు. వాటి నడుమ 10 మైక్రోఫారడ్ కండెన్సరు వేస్తే 200 రెట్లు. 1.5 వోల్టుల ఘటాలు ఆరింటిని వరుసగా కలిపితే 9 వోల్టులు. ఇంటి కరెంటును దీని దరికి రానీయకూడదు.

స్పీకరు ముందు 470 ఎందుకు? 8 ఓములతో కలిసి ఆ కండెన్సరు సుమారు 42 కంపనాలకు దిగువనున్న స్వరాలను తగ్గిస్తుంది. 220 వేస్తే ఆ హద్దు 90కి పెరుగుతుంది. గిటారు అడుగు తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది గనుక అది కొంత బక్కచిక్కుతుంది. ఇట్టి లెక్కలు విద్యార్థుల చేత చేయించవచ్చును.

గిటారు లేదని వెనుదీయనక్కరలేదు. ప్రయోగశాలలోని సోనోమీటరుకు ఉక్కు తీగ బిగించండి. పాత రిలేలోని తీగచుట్టను తెచ్చి, దాని ఇనుప కడ్డీకి ఒక చిన్న అయస్కాంతము అంటించి, కడ్డీ రెండవ కొనను తీగకు తగలకుండ దగ్గరగా నిలపండి. చుట్ట రెండు కొసలలో ఒకటి గేటుకు, రెండవది ఋణధ్రువానికి. తీగను మీటి, స్పీకరు లేకుండ నాదము ఎన్ని సెకనులు వినబడినదో గడియారము చూచి వ్రాసికొనండి. తరువాత ఆంప్లిఫయరు కలిపి మరల కొలవండి. ఆపైన సోనోమీటరు పెట్టెకు బదులు బరువైన మొద్దు కర్రమీద అదే తీగను, అదే బిగువుతో కట్టి మూడవసారి కొలవండి. ఈ మూడు అంకెలు నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసి, పెట్టె, తీగ, బ్యాటరీ ఈ మూడింటిలో ఏది ఏ శక్తిని ఇచ్చినదో తరగతిని అడిగితే, శక్తి నిత్యత్వ నియమము పిల్లల చెవులకే బోధపడుతుంది.